40ఎక్స్ మీద 20ఎక్స్ ఐపీసా, 100ఎక్స్ ఆయిల్ ఆబ్జెక్టివా? రొయ్యల ల్యాబ్ మైక్రోస్కోపు మీద చర్చ

ఇందుకూరుపేట ఆక్వా ల్యాబ్

అందరికీ నమస్తే. చెరువుల నుంచి వచ్చే వనామీ రొయ్యల శాంపిళ్లు చూసే చిన్న ల్యాబ్ మాది. మైక్రోస్కోపుకి 4, 10, 40 ఆబ్జెక్టివ్‌లు (స్లైడు వైపు లెన్సులు), 10ఎక్స్ ఐపీసులు (కంటి వైపువి) ఉండాయి. అంటే 400ఎక్స్ దాకానే. ఈహెచ్‌పీ (రొయ్యలకి పట్టే సూక్ష్మ పరాన్నజీవి) స్పోర్లు, విబ్రియో బ్యాక్టీరియా ఇంకా బాగా కనపడాలంటే రెండు దార్లు చెప్తుండారు. 20ఎక్స్ ఐపీసుల జత తెచ్చుకుంటే 40 మీద 800 వస్తాది, ఖర్చు తక్కువ. లేదంటే స్లైడుకీ లెన్సుకీ మధ్య ఆయిల్ చుక్క వేసి చూసే 100ఎక్స్ ఆయిల్ ఆబ్జెక్టివ్, 10 ఐపీసుతోనే 1000. అమ్మేవాళ్లు మొదటిదే చాలంటుండారు. 800కీ 1000కీ అంత తేడా ఉంటాదా అన్నా?

ఒంగోలు ఆప్టిక్స్ సర్వీస్

800కీ 1000కీ కాదు తమ్ముడూ తేడా. 0.65కీ 1.25కీ తేడా. ఆబ్జెక్టివ్ పక్కన 40 తర్వాత గీత పెట్టి ఒక అంకె చెక్కి ఉండిద్ది, చూడు. అది ఎన్‌ఏ, న్యూమరికల్ అపెర్చర్. స్లైడు నుంచి ఎంత వెడల్పు కోణంలో వెలుగుని ఆ లెన్సు లోపలికి తీసుకోగలదో చెప్పే అంకె. పక్కపక్కనున్న రెండు చుక్కలు రెండుగా కనపడతాయా, ఒకటిగా అతుక్కుపోతాయా అనేది తేల్చేది అదే. ఐపీసుకి ఇందులో పాత్రే లేదు.

లెక్క సులువు. వెలుగు తరంగదైర్ఘ్యాన్ని 0.61తో గుణించి ఎన్‌ఏతో భాగించాలి. ఆకుపచ్చ వెలుగు 0.55 మైక్రాన్లు అనుకుంటే 4/0.10కి 3.4 మైక్రాన్లు, 10/0.25కి 1.3, 40/0.65కి 0.52, 100/1.25 ఆయిల్‌కి 0.27. ఈహెచ్‌పీ స్పోరు పొడవే సుమారు ఒక మైక్రాన్, వెడల్పు ఇంకా తక్కువ. 40 కింద అది ఉందని తెలిసిద్ది గానీ దాని ఆకారం నిలబడదు. 20 ఐపీసు పెడితే ఆ మసక చుక్కే రెండింతలవుద్ది. చారులో నీళ్లు పోసినట్టు, గిన్నె నిండిద్ది కానీ రుచి పెరగదు.

పాత నియమం ఒకటుంది: పనికొచ్చే మాగ్నిఫికేషన్ ఎన్‌ఏకి 500 నుంచి 1000 రెట్ల మధ్య ఉండాలి. 0.65కి 325 నుంచి 650 దాకా. 800 ఆ గీత దాటిపోయింది. 1.25కి 625 నుంచి 1250, కాబట్టి 1000 సరిగ్గా లోపల ఉంది. 100 మీద కూడా 20 ఐపీసు పెట్టి 2000 అనేవాళ్లున్నారు, అది బ్రోచర్ కోసం.

కావలి ల్యాబ్

ఏందబ్బా, ఐపీసు మార్చడమే తప్పన్నట్టు మాట్లాడతారు. మీ నియమం ప్రకారమే లెక్కేద్దాం. 40/0.65 మీద 16ఎక్స్ ఐపీసు పెడితే 640. గీత లోపలే ఉండాది కదా!

ఇంకో సంగతి. కంటికి కూడా హద్దుంది. 250 మిల్లీమీటర్ల దూరంలో ఒక ఆర్క్ నిమిషం అంటే 0.073 మిల్లీమీటర్లు. 0.52 మైక్రాన్ల వివరాన్ని 400 రెట్లు చేస్తే 0.2 మిల్లీమీటర్లు, మూడు నిమిషాల లోపే. మంచి చూపున్నోళ్లకి తెలుస్తాది, రోజంతా స్లైడ్లు చూసే కంటికి మాత్రం భారం. 640 చేస్తే 0.33 మిల్లీమీటర్లు, నాలుగున్నర నిమిషాలు. లెన్సు ఇస్తున్న వివరమే, కన్ను ఇబ్బంది పడకుండా తీసుకుంటాది. కొత్త వివరం రాదని ఒప్పుకుంటా, ఉన్నదాన్ని కన్ను వదిలేయకుండా ఉండటమూ పనే. 20 వద్దు, 16 దండగ కాదు.

ముత్తుకూరు హేచరీ

కావలి అన్న కంటి లెక్క సరే, ఫీల్డ్ సంగతి వదిలేశాడు. ఐపీసు మీద 10ఎక్స్/18 అని రాసుంటే ఆ 18 ఫీల్డ్ నంబరు. దాన్ని ఆబ్జెక్టివ్‌తో భాగిస్తే కనపడే వృత్తం వ్యాసం వస్తాది: 10 కింద 1.8 మిల్లీమీటర్లు, 40 కింద 0.45. ఎక్కువ పవర్ ఐపీసుల్లో ఈ నంబరు చిన్నది. 16ఎక్స్/11 అనుకోండి, 10 కింద 1.1 మిల్లీమీటర్లే.

హేచరీలో మేతగా పెంచే కీటోసిరోస్, థలాసియోసిరా నాచు కణాలు కౌంట్ చేసేది న్యూబార్ చాంబర్లో, అంటే గడులు గీసిన లెక్కింపు స్లైడులో. పెద్ద గడి ఒక్కో పక్క 1 మిల్లీమీటరు, మూల నుంచి మూలకి 1.41. 18 ఫీల్డ్‌లో గడి మొత్తం ఒకేసారి పడతాది. 11లో మూలలు బయటికి పోతాయి. స్టేజి జరుపుతా లెక్కపెడితే అంచు మీది కణాలు రెండుసార్లు పడటమో, అసలు పడకపోవడమో జరుగుతాది. మిల్లీలీటరుకి ఎన్నో తేల్చడానికి చివర్న 10,000తో గుణించేటప్పుడు ఆ తప్పు కూడా గుణించబడుద్ది.

వెలుగు కూడా తగ్గుద్ది. 400 నుంచి 640కి పోతే ప్రకాశం రెండున్నర రెట్లు పడిపోతాది. బల్బు పెంచుకోవచ్చు, అది పెద్ద అడ్డం కాదు. ఫీల్డ్ పోవడమే అసలు నష్టం.

సీడ్ (రొయ్య పిల్లలు) చూడటానికైతే ఈ గొడవంతా అవసరం లేదు. మొప్పల మీద, కాళ్ల మీద అంటుకునే జూథామ్నియం అనే సూక్ష్మజీవి 4 కింద తెలిసిపోతాది, అనుమానముంటే 10. పోస్ట్‌లార్వా (రొయ్య పిల్ల) ఆరో పొట్ట ఖండంలో కండ, పేగు నిష్పత్తి చూసేది 4:1 దగ్గర ఉందా అని. అది నిష్పత్తి కాబట్టి మాగ్నిఫికేషన్ ఎంతైనా మారదు.

ఇందుకూరుపేట ఆక్వా ల్యాబ్

నా 40 మీద 40/0.65, 160/0.17 అని ఉండాది. ఆయిల్ సంగతి అడుగుతా. హెచ్‌పీ (రొయ్య జీర్ణ గ్రంథి, హెపటోపాంక్రియాస్) వెట్ మౌంట్, అంటే తడి శాంపిల్, మీద ఆయిల్ వేస్తే పైన కప్పే పలచ గాజు కవర్ స్లిప్ లెన్సుతో పాటు జరుగుతాది, అంతా ఈదుతుంటాది అంటుండారు. మరి దేనికి పనికొస్తాది?

ఒంగోలు ఆప్టిక్స్ సర్వీస్

నిజమే, తడి శాంపిల్ మీద 100 మొండికేసిద్ది. హెచ్‌పీ నలిపి పెడితే మందం పదుల మైక్రాన్లు. 40/0.65 ఒకసారికి సుమారు 1.3 మైక్రాన్ల లోతే స్పష్టంగా చూపిద్ది, 100/1.25 అయితే అర మైక్రాన్. మిగతా మందమంతా మసకగా మీద పడిద్ది. పైగా లెన్సుకీ కవర్ స్లిప్‌కీ మధ్య ఖాళీ 0.2 మిల్లీమీటర్లు కూడా ఉండదు.

అందుకే ఆయిల్‌కి స్మియర్ (పలచ పూత) చేయాలి. చిన్న హెచ్‌పీ ముక్కని స్లైడు మీద పలచగా లాగి, గాలికి ఆరబెట్టి, మెథనాల్లో ఫిక్స్ చేసి, గీమ్సా రంగు వేసి కడిగి ఆరనివ్వు. ముందు 10తో మంచి చోటు వెతికి, 40తో మధ్యకి తెచ్చుకో. ఆబ్జెక్టివ్‌లు బిగించి ఉండే నోస్‌పీస్‌ని సగం తిప్పి, వెలుగు పడే చోట ఒక్క చుక్క ఆయిల్ వేసి, 100ని తిప్పి దించు. ఇక ఫైన్ ఫోకస్ తప్ప ఇంకోటి ముట్టుకోవద్దు. స్టేజి కింద వెలుగుని పోగుచేసే కండెన్సర్‌ని పైకంటా ఎత్తి, వెలుగుని తగ్గించే దాని డయాఫ్రమ్ ముప్పావు వంతు తెరువు. ఆయిలున్నప్పుడు మళ్లీ 40కి తిప్పొద్దు. 40కి ఆయిలంటితే అంతా మంచు పట్టినట్టుంటది, సర్వీసుకొచ్చే 40ల్లో ఎక్కువ భాగం జబ్బు ఇదే. పనయ్యాక లెన్స్ పేపరుతో తుడువు, చొక్కా అంచుతో కాదు.

ఇంకోటి. స్మియర్ మీద కవర్ స్లిప్ లేకుండా 40తో చూస్తే పాలిపోయినట్టు ఉండిద్ది. ఆ 160/0.17లో 160 మైక్రోస్కోపు ట్యూబు పొడవు, 0.17 అనేది కవర్ స్లిప్ మందం, రెండూ మిల్లీమీటర్లలో. 40/0.65కి అది ఉండి తీరాలి. 4కీ 10కీ పట్టింపు లేదు, ఆయిల్‌కి కూడా లేనట్టే, ఎందుకంటే ఆయిల్ వక్రీభవన గుణకం 1.515, గాజుకి దగ్గర.

కొత్తపట్నం ఫీల్డ్ టెక్నీషియన్

అందరూ లెన్సులే పట్టుకున్నారు. నేను ఐపీసుకీ ఆయిల్‌కీ రెండింటికీ ఎదురే చెబుతా: ముందు 40నే సరిగ్గా వాడండి.

హెచ్‌పీ పారదర్శకంగా ఉంటదని అందరూ డయాఫ్రమ్ మూసేసి చూస్తారు. గీతలు నల్లగా తేలతాయి, బాగా కనపడ్డట్టే ఉండిద్ది. అప్పుడు కండెన్సర్ ఎన్‌ఏ 0.2కి పడిపోయిందనుకోండి. ఆబ్జెక్టివ్, కండెన్సర్ ఎన్‌ఏలు రెండూ కలిపి లెక్కేస్తే 40 కింద 0.52 రావాల్సింది 0.79 మైక్రాన్లవుద్ది. 40 కొన్నారు, పనిచేయించేది దానికంటే చిన్న లెన్సుని. ఐపీసు తీసి ట్యూబులోకి చూడండి: వెలుగు వృత్తం నాలుగింట మూడొంతులు నిండేలా డయాఫ్రమ్ పెట్టుకోండి. కాంట్రాస్ట్ చాలకపోతే కొంచెం మూయొచ్చు, కానీ పోగొట్టుకునేదేంటో తెలిసి మూయాలి.

ఆయిల్‌లోనూ ఇదే తిరకాసు. కండెన్సర్‌కీ స్లైడుకీ మధ్య గాలే ఉంటే కండెన్సర్ 0.9 దాటి ఇవ్వలేదనుకోవచ్చు. 0.27 కాస్తా 0.31 అవుద్ది. బ్రోచర్లో ఈ మాట ఎక్కడా ఉండదు.

కవర్ స్లిప్ డబ్బా కూడా చూసుకోండి. నంబర్ 1 అంటే 0.13 నుంచి 0.16 మిల్లీమీటర్లు, నంబర్ 1.5 అంటే 0.16 నుంచి 0.19. 0.17కి సరిపోయేది రెండోది. వెట్ మౌంట్‌లో నీళ్లెక్కువైతే ఆ పొర కూడా మందంలో కలిసిద్ది కాబట్టి టిష్యూ అంచుకి ఆనించి పీల్చేయాలి.

అసలు చెరువు శాంపిల్లో 1000 దేనికి? హెచ్‌పీలోని సన్న గొట్టాలు, ట్యూబుల్స్, నలిగాయా, కొవ్వు చుక్కలున్నాయా అనేది 10, 40తో తెలిసిద్ది. వైట్ గట్ (పేగు తెల్లబడే జబ్బు)లో పురుగుల్లా తేలే ఆకారాలు గ్రెగరైన్లనే పరాన్నజీవులా, ఊడొచ్చిన ట్యూబుల్ పొరలా అనేది 40తో తెలిసిద్ది: గ్రెగరైన్‌కి కేంద్రకం, అడ్డగోడ ఉంటాయి, రెండోదానికి ఏవీ ఉండవు. విబ్రియో కదులుతుంటే 400లోనే చూడొచ్చు, ఏ జాతో మాత్రం 2000లోనూ చెప్పలేం. దానికి విబ్రియోని పెంచి చూసే టీసీబీఎస్ ప్లేటుతో మొదలెట్టాలి. ఈహెచ్‌పీకి పీసీఆర్ (డీఎన్‌ఏ పరీక్ష) ఉంది. స్మియర్లో స్పోరు కనపడలేదని రైతుకి లేదని రాసివ్వడం మాత్రం నా లెక్కలో తప్పే.

ఒంగోలు ఆప్టిక్స్ సర్వీస్

పీసీఆర్ మాట కాదనను. కానీ స్మియర్లో కనపడితే అదీ ఒక సమాచారమే, ఫలితం వచ్చేదాకా చెరువు ఆగదు. లేదని చెప్పడానికి స్మియర్ వాడొద్దు, అంతవరకు ఒప్పుకుంటా.

అల్లూరు మానిటర్ ల్యాబ్

ఐపీసులో తొంగిచూసే పనే మానేస్తే? 40కి కెమెరా పెట్టి మానిటర్ మీద చూపిస్తే 1500ఎక్స్ వస్తాది. రైతుకి కూడా కూర్చోబెట్టి చూపించొచ్చు.

ముత్తుకూరు హేచరీ

ఆ 1500 ఎట్లా వచ్చిందో చూడండి. 0.5ఎక్స్ అడాప్టరుతో 40 ఆబ్జెక్టివ్ సెన్సర్ మీద వేసేది 20 రెట్ల బొమ్మ. సెన్సర్ వెడల్పు 6.4 మిల్లీమీటర్లు, 22 అంగుళాల మానిటర్ వెడల్పు సుమారు 480. అంటే ఇంకో 75 రెట్లు. 20ని 75తో గుణిస్తే 1500. టీవీ 43 అంగుళాలదైతే 3000 దాకా పోతాది. టీవీ కొంటే మైక్రోస్కోపు మెరుగైనట్టా?

రైతుకి చూపించడానికి మానిటర్ మంచిదే, ఆ మాట ఒప్పుకుంటా. కాకపోతే రిపోర్టులో ఫోటో కింద ఎక్స్ అంకె రాయడం మానేసి మైక్రాన్ బార్ వేయండి. స్టేజి మైక్రోమీటరు తెచ్చుకోండి, 1 మిల్లీమీటరులో 100 గీతలు, గీతకి గీతకి 10 మైక్రాన్లు. ప్రతి ఆబ్జెక్టివ్‌కీ ఒకసారి కొలిచి పెట్టుకుంటే చాలు. అడాప్టర్ గానీ ఐపీసు స్కేలు గానీ మారిస్తే మళ్లీ కొలవాలి.

ఇందుకూరుపేట ఆక్వా ల్యాబ్

సరే, 20 ఐపీసులు వద్దనుకున్నా. ముందు నంబర్ 1.5 కవర్ స్లిప్పులు, డయాఫ్రమ్ సంగతి చూస్తా. తర్వాత 100 ఆయిల్. ఏ కంపెనీదైనా నా మైక్రోస్కోపుకి పడుతుందా?

ఒంగోలు ఆప్టిక్స్ సర్వీస్

ఆబ్జెక్టివ్ బిగించే మర చాలావాటికి ఒకటే, 20.32 మిల్లీమీటర్లు. ఎక్కేసిద్ది. ఎక్కింది కదా అని కొనకు. నీది 160 బాడీ. 160 చోట ∞ (ఇన్ఫినిటీ) గుర్తున్న ఆబ్జెక్టివ్ వేస్తే పేరుకి 100 ఉన్నా ఆ రెట్లు రావు, బొమ్మ కూడా చెడిద్ది. ఇన్ఫినిటీ లెన్సులో మాగ్నిఫికేషన్ అంటే బాడీలోని ట్యూబ్ లెన్స్ ఫోకల్ లెంగ్త్‌ని ఆబ్జెక్టివ్‌ది పెట్టి భాగించడమే. నీ బాడీలో ట్యూబ్ లెన్సే లేదు. ఉన్నవాటిల్లో కూడా ఒలింపస్‌ది 180 మిల్లీమీటర్లు, నికాన్‌ది 200, కలిపితే లెక్క మారిద్ది.

రెండోది, పొడవు చూడు. నోస్‌పీస్ అంచు నుంచి స్లైడు దాకా ఎక్కువ వాటికి 45 మిల్లీమీటర్లు, పాత కొన్నిటికి 36. నీ 40 ఏ పొడవుదో 100 కూడా అదే ఉండాలి. తేడా ఉంటే తిప్పగానే స్లైడుకి గుద్దుకునిద్ది, లేదంటే ఫోకస్ అందదు. 160/0.17, 100/1.25 ఆయిల్, 45 అని చీటీ మీద రాసుకుని పో. ఎన్‌ఏ చెప్పకుండా వంద ఎక్స్ అని మాత్రమే అనే అంగట్లో తీసుకోవద్దు.

కావలి ల్యాబ్

16 ఐపీసు మాత్రం మీరెవరూ కాదన్లేదు, గుర్తుపెట్టుకోండి. కౌంటింగ్‌కి 10, సాయంకాలం కళ్లు మండేటప్పుడు 40 మీద 16. తమ్ముడూ, కొనాలనుకుంటే నీ ఐపీసు ట్యూబు 23.2 మిల్లీమీటర్లదా, 30దా కొలిచి కొను.