రామప్ప, లక్నవరంలో టికెట్టు పెట్టి గాలానికి అనుమతి ఇవ్వవచ్చా?

ములుగు బాటసారి:
రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. లక్నవరం వేలాడే వంతెనకు సెలవు రోజుల్లో ఎంత రద్దీయో అందరికీ తెలుసు. వచ్చినవారిలో గాలం వేసుకోవచ్చా అని అడిగేవారూ ఉన్నారు. రోజుకు ఇంత అని టికెట్టు పెట్టి అనుమతిస్తే తప్పేమిటి? మత్స్యకార సంఘం తప్ప మరెవరూ చేపను ముట్టకూడదన్న పద్ధతే కొనసాగాలా? మీ అభిప్రాయాలు చెప్పండి.

హనుమకొండ గాలం:
తప్పేమీ లేదు. గాలానికి ఒక్కో చేపే పడుతుంది, వల ఊడ్చేస్తుంది. చిన్న కన్ను వలలతో వేలెడంత పిల్లలను కూడా లాగేస్తున్నది ఎవరు? అమెరికాలో 1950 నాటి డింగెల్-జాన్సన్ చట్టం కింద గాలం సామగ్రిపై పన్ను వేసి, ఆ సొమ్మును చేపల సంరక్షణకే రాష్ట్రాలకు ఇస్తున్నారు. మిషిగన్ సరస్సునే చూడండి. దానిలో కలిసే నదుల్లో 1966లో కోహో సాల్మన్ అనే చేప పిల్లలను వదిలితే, మరుసటి ఏడాదికే గాలం వేసేవారితో తీరపు ఊళ్లు కిటకిటలాడాయి. ఆ ఉపాధి మన ములుగు యువకులకు అక్కరలేదా?

చెరువుకట్ట:
మిషిగన్ కథ సగమే చెప్పారు అన్నా. ఆ సరస్సుల మీద ముందు నుంచీ బతికింది వల వేసేవారు. మిషిగన్ సహా ఎగువ మహా సరస్సుల్లో ఏడాదికి సుమారు 1.5 కోట్ల పౌన్ల బరువున్న లేక్ ట్రౌట్ చేపలను పట్టేవారు. ఓడల కోసం తవ్విన వెలండ్ కాలువ మీదుగా చొరబడిన సముద్రపు లాంప్రే అనే పాములాంటి జీవి ఆ చేపల రక్తం పీల్చేసింది. మితిమీరిన వేటా దానికి తోడైంది. 1960ల తొలినాళ్లకు పట్టే ట్రౌట్ 3 లక్షల పౌన్లకు పడిపోయింది. 1958 నుంచి మందు వాడి లాంప్రేను అదుపులోకి తెచ్చారు, తర్వాత సాల్మన్ వదిలారు. మరి కోలుకున్న సరస్సు ఎవరి చేతికి వెళ్లింది? గాలం వేసేవారి చేతికి. వల వేసేవారి లైసెన్సులు కుదించారు. అమెరికా ప్రభుత్వంతో 1836లో చేసుకున్న ఒప్పందంలోనే చేపల వేట హక్కు నిలుపుకున్న ఒట్టావా, చిప్పెవా ఆదివాసీ తెగలు సైతం కోర్టుకెక్కాల్సి వచ్చింది. 1979లో జడ్జి నోయెల్ ఫాక్స్ వారి పక్షాన తీర్పు ఇచ్చారు. మన మత్స్యకారుల చేతిలో అంత గట్టి కాగితం ఏదీ? చెరువు లీజు ఒక్కటే. టికెట్ల ఆదాయం మరిగాక ఆ లీజుకు ఏ గతి పడుతుందో ఆలోచించండి.

ఇంకో మాట. మీ గాలానికి తగిలే బొచ్చె, రవ్వ, మోసు ఎక్కడివి? అవి పారే వరద నీటిలోనే గుడ్లు పెడతాయి, నిలిచిన చెరువులో పెట్టవు. 1957లో కటక్‌లో హీరాలాల్ చౌధురి ఇంజెక్షన్‌తో గుడ్లు పెట్టించే పద్ధతి సాధించేదాకా విత్తనం నదుల్లో ఏరి తేవాల్సిందే. నేటికీ చెరువులోని బొచ్చెలు దాదాపు అన్నీ సంఘం కొన్నవో, 2016 నుంచి ప్రభుత్వం ఉచితంగా ఇస్తున్న పిల్లలో. పిల్లల సంచులను కాసేపు చెరువులో తేలనిచ్చి, లోపలి నీరూ బయటి నీరూ ఒకే వేడికి వచ్చాక మూతి విప్పుతారు. చెరువు నిండితే చేప కొట్టుకుపోకుండా మత్తడికి అడ్డంగా వల కట్టి రాత్రంతా కాపలా ఉంటారు. ఇంకొకరు విత్తిన చేలో కోతకు టికెట్లు అమ్మితే రైతు ఊరుకుంటాడా?

నర్సంపేట నివాసి:
ఈ చర్చలోకి పాకాలను తేవద్దు. అది అభయారణ్యంలోని చెరువు. అక్కడ ముందుగా అడగాల్సింది అటవీ శాఖను.

హనుమకొండ గాలం:
బొచ్చె, రవ్వ సంఘానివే అనుకుందాం. కొర్రమీను, వాలుగ, జెల్ల ఎవరూ వదలకుండానే పుట్టి పెరుగుతాయి కదా. వాటి మీద కూడా ఒక్కరికే హక్కా? పైగా పట్టిన చేపను తిరిగి నీళ్లలో వదిలేసేవాళ్లం మాలో చాలామందిమి.

చెరువుకట్ట:
నా అసలు భయం కొర్రమీను గురించే. తొలకరి తర్వాత దాని పిల్లలు ఎర్రగా ఒకే గుంపుగా పైకి తేలి గాలి పీల్చుకుంటాయి, పెద్ద చేపలు కిందే కాపలా ఉంటాయి. చేయి తిరిగినవాడు ఆ గుంపును చూసే కప్ప ఎర విసురుతాడు. పిల్లల దగ్గరికి ఏది వచ్చినా మీద పడే చేప కాబట్టి వెంటనే తగులుతుంది. మీరు ఫొటో తీసుకుని వదిలేలోపే పిల్లలు వేరే చేపల పాలవుతాయి. మృగశిర కార్తెకు కొర్రమీను కోసం జనం ఎగబడేదీ ఈ కాలంలోనే. మన రాష్ట్ర చేప అది.

టికెట్టు పెట్టాలంటే సంఘమే అమ్మాలి, సొమ్ము సంఘం ఖాతాలోనే పడాలి. జూన్ నుంచి ఆగస్టు దాకా వలైనా గాలమైనా కొర్రమీను జోలికి పోకూడదు. చిన్న కన్ను వలల గురించి మీరన్నది నిజం. దొరికినవాటిని మా సంఘాలే కోసి పారేయాలి. ఈ షరతులకు ఒప్పుకుంటారా?

హనుమకొండ గాలం:
సంఘం అమ్మే టికెట్టు కొనడానికి నాకు అభ్యంతరం లేదు. ఆ మూడు నెలలూ వల కూడా నిజంగా ఆగుతుందని చూసేది ఎవరు? అది తేలేదాకా గాలం ఒక్కదానినే ఆపుతామంటే మాత్రం ఒప్పుకోను.