డైరీలోని నవ్వు తెరమీదికి వచ్చేసరికి ఎందుకు తగ్గుతుంది?

చంపావతి (విజయనగరం) అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను విజయనగరంలో డిగ్రీ విద్యార్థినులకు ఇంగ్లీషు బోధిస్తాను. పాఠ్యప్రణాళికతో సంబంధం లేకుండా, ఆసక్తి ఉన్న కొందరితో ఒక నవలను చదివించి, ఆ తరువాత దాని ఆధారంగా తీసిన సినిమాను చూపించి, రెండింటినీ పోల్చి మాట్లాడించే పని ఈ ఏడాది మొదలుపెట్టాను. అందుకోసం లూయిస్ రెనిసన్ 1999లో ప్రచురించిన హాస్య నవలను, గురిందర్ చద్దా 2008లో తీసిన ‘యాంగస్, థాంగ్స్ అండ్ పర్ఫెక్ట్ స్నాగింగ్’ సినిమాను ఎంచుకున్నాను.

ఇంగ్లండులో ఉండే జార్జియా నికల్సన్ అనే పద్నాలుగేళ్ల అమ్మాయి రాసుకున్న డైరీయే ఆ నవల. తన ముక్కు మరీ పెద్దదన్న దిగులు, ఎవరికీ లొంగని యాంగస్ అనే పిల్లి, ఎప్పుడు ఏం చేస్తుందో తెలియని చెల్లెలు లిబ్బీ, రాబీ అనే కుర్రవాడి మీద ఇష్టం, ఇవే అందులోని సంగతులు. సినిమా ఆ వరుసలోని మొదటి రెండు పుస్తకాల నుంచి కథను తీసుకుంది.

నన్ను ఆలోచనలో పడేసిన విషయం ఇది. పుస్తకం చదువుతూ పగలబడి నవ్విన అమ్మాయిలే సినిమా చూస్తూ చిరునవ్వుతో సరిపెట్టారు. సంఘటనలు చాలావరకు అవే. జార్జియాగా నటించిన జార్జియా గ్రూమ్ ఎక్కడా తేలిపోలేదు. ఆ వయసు తడబాటును ఎంతో సహజంగా పట్టుకుంది. అయినా నవ్వు తగ్గింది. ఇది దర్శకత్వ లోపమా, లేక ఇటువంటి నవల సినిమాగా మారినప్పుడల్లా జరిగేదేనా? తరగతిలో దీన్ని ఎలా వివరించాలో అనుభవజ్ఞులు చెప్పగలరని ఆశిస్తున్నాను.

నాగావళి (శ్రీకాకుళం)

చంపావతి గారూ, మీ ప్రశ్న నాకు చాలా నచ్చింది. నేను తెలుగు పండితుడిగా పనిచేసి విరమించినవాడిని. ఆ నవలను మా మనవరాలు చదువుతుంటే, ఆమె అంతగా నవ్వుతున్నది దేనికో తెలుసుకుందామని నేనూ చదివాను.

నా అభిప్రాయంలో ఆ పుస్తకంలోని నవ్వు సంఘటనల్లో కన్నా డైరీ రాతల మధ్య ఉన్న ఖాళీల్లో ఎక్కువగా ఉంది. జార్జియా రోజుకు ఒకసారి కాక, గంట వేసి, నిమిషం వేసి రాస్తుంది. ఒక రాతలో గొప్ప నిర్ణయం తీసుకుంటుంది. కొద్ది నిమిషాల తరువాతి రాతలో ఆ నిర్ణయం ఏమైపోయిందో ఒక్క ముక్కలో తేలిపోతుంది. కనుబొమలు పీకుతుంటే నొప్పి పుడుతోందని, రేజరుతో గీస్తే సులువుగా పోతుందని ఆమె తీర్మానించుకునే చోటు చూడండి. ఆ తీర్మానానికీ, దాని ఫలితానికీ నడుమ జరిగినదాన్ని పాఠకుడు తనంత తాను ఊహించుకుంటాడు, ఆ ఊహలోనే నవ్వు పుడుతుంది. సినిమాలో ఆ ఖాళీ మిగలదు. కెమెరా రేజరునూ చూపిస్తుంది, ముఖాన్నీ చూపిస్తుంది, అందువల్ల ప్రేక్షకుడు ఊహించుకోవలసింది పెద్దగా ఉండదు.

రెండో కారణం, డైరీకి ఎదుట వినేవారు లేకపోవడం. మన విజయనగరంలోనే 1892లో తొలిసారి ప్రదర్శించిన ‘కన్యాశుల్కం’ను గుర్తు చేసుకోండి. దాని హాస్యమంతా మాటల్లోనే ఉన్నా, 1955లో పి. పుల్లయ్య గారు దాన్ని తెరకెక్కించినప్పుడు గిరీశం మాటలు అక్కడ కూడా పేలాయి. గిరీశం గొప్పలు వినడానికి వెంకటేశం ఎదురుగా నిలబడి ఉంటాడు, ఆ వినేవాడి ముఖంతో సహా హాస్యం తెరమీదికి నడిచి వస్తుంది. జార్జియా మాత్రం ఎవరికీ వినిపించని మాటలు రాసుకుంటుంది. స్నేహితురాలి ముందు అనలేని చిన్నతనం, పగ, గర్వం అన్నీ ఆ కాగితం మీదే బయటపడతాయి. వాటిని పైకి చెప్పించాలంటే నేపథ్యంలో ఆమె గొంతు వినిపించాలి. సినిమా ఆ పని చేసింది గాని, చదివేటప్పుడు ప్రతి వాక్యానికీ మనం ఇచ్చుకునే విరామాన్ని ఆ గొంతు ఇవ్వలేదు.

అందువల్ల దీన్ని దర్శకురాలి లోపంగా నేను చూడను.

గంటస్తంభం (విజయనగరం)

నాగావళి గారి మాటలో చాలా నిజం ఉంది. అయితే నాటకాలు ఆడేవాడిగా నేను సినిమా పక్షాన ఒక మాట చెప్పక తప్పదు.

పుస్తకం మొదటి పేజీలోనే జార్జియా తన జీవితంలో ఉన్న కష్టాలను అంకెలు వేసి జాబితాగా రాస్తుంది. మసాలా కూరిన ఆలివ్ కాయ వేషంలో పార్టీకి వెళ్లడం ఆ జాబితాలో ఒక్క వాక్యం మాత్రమే. సినిమా ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకుని తన ప్రారంభ ఘట్టంగా మలిచింది. పచ్చటి గుండ్రటి తొడుగులో ఇమడలేక ఆమె పార్టీలోకి అడుగుపెట్టడం, తనలాగే వేషాలు వేసుకొస్తామని మాట ఇచ్చిన స్నేహితురాళ్లు చక్కగా అలంకరించుకుని నిలబడి ఉండటం, ఆ తరువాత అదే వేషంతో ఆమె వీధుల వెంట ఇంటికి పరుగెత్తడం, ఇవన్నీ శరీరంతో పండించవలసిన హాస్యం. కాగితం మీద అది ఒక చమత్కారంగా ఆగిపోయింది. తెర మీద అమ్మాయి ఒంటరితనం కూడా తెలిసింది. ఆ పరుగు చూసినప్పుడు నాకు నవ్వు కన్నా ముందు జాలి కలిగింది. నవ్వు తగ్గిందని మీ విద్యార్థినులు అన్నది బహుశా ఇలాంటి చోట్లనే అయి ఉంటుంది. అక్కడ తగ్గిన నవ్వుకు బదులుగా ఏం వచ్చిందో కూడా వారిని అడగండి.

చంపావతి (విజయనగరం)

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఆలివ్ వేషం ఘట్టాన్ని ఆ మొదటి పేజీ పక్కన పెట్టి మళ్లీ చూపిస్తాను. నాగావళి గారూ, వెంకటేశం గురించి మీరు చెప్పిన మాట తరగతికి సూటిగా పనికివస్తుంది, ఎందుకంటే మా అమ్మాయిల్లో చాలామందికి ఆ నాటకం ఇంట్లోనే పరిచయం. వారిచేత ఏదైనా రాయించే మార్గం కూడా సూచించగలరా?

ఉద్దానం పాఠకురాలు (సోంపేట)

నేను ఈ మధ్యనే డిగ్రీ పూర్తి చేశాను, మేడమ్. నాకు పుస్తకం కన్నా సినిమానే ఎక్కువ నచ్చింది. నచ్చడానికి కారణం జార్జియా నాన్న.

పుస్తకంలో ఆయన ఉద్యోగం కోసం న్యూజిలాండ్ వెళ్లే సంగతి జార్జియా గొడవల మధ్య తేలికగా సాగిపోతుంది, ఎందుకంటే ఆ డైరీలో ఆమె ముక్కుకు ఉన్నంత చోటు ఇంట్లో మరెవరికీ లేదు. సినిమా ఆ సంగతిని అంత తేలికగా వదల్లేదు. నాన్న దూరంగా ఉన్నాడు, ఇంటి పనికి వచ్చిన జెమ్ అనే అతనితో అమ్మ చనువుగా మాట్లాడుతోంది, అమ్మానాన్నలు విడిపోతారేమోనన్న భయం ఆ పిల్లకు పట్టుకుంది. మా ఉద్దానం వైపు తండ్రులు పనుల కోసం ఊరు విడిచి దూరప్రాంతాలకు, విదేశాలకు వెళ్లడం మామూలు. ఫోనులో నాన్న గొంతు కాస్త మారినా ఇల్లంతా ఏం జరిగిందోనని చూసే పిల్లలకు ఆ భయం ఎవరూ వివరించనక్కర లేదు.

డైరీలో మనం అమ్మను జార్జియా చిరాకులోంచి మాత్రమే చూస్తాం. కెమెరా ఆ అమ్మ ముఖాన్ని మనకు నేరుగా చూపిస్తుంది, అప్పుడు ఆమె కూడా ఒక మనిషిగా కనిపిస్తుంది. నవ్వు తగ్గడానికి ఇది కూడా ఒక కారణమని నా నమ్మకం.

నాగావళి (శ్రీకాకుళం)

సోంపేట అమ్మాయి చెప్పిన కారణం నేను చెప్పినవాటి కన్నా బలమైనది. తల్లి ముఖం గురించి నేను ఆలోచించనే లేదు.

దీనికి మన భాషలోనే ఒక ఉదాహరణ ఉంది. పొత్తూరి విజయలక్ష్మి గారి ‘ప్రేమలేఖ’ నవల ఆధారంగా జంధ్యాల గారు 1984లో తీసిన ‘శ్రీవారికి ప్రేమలేఖ’ అది. ముక్కూ మొహం తెలియని వ్యక్తికి ఒక అమ్మాయి రాసిన ఉత్తరం ఆ కథకు మూలం. అయితే జంధ్యాల గారు నవ్వించే బరువును నరేష్, పూర్ణిమల మీదనే మోపలేదు, చుట్టూ ఉన్నవారందరికీ పంచారు. సినిమా కథను పేర్లు పడే దగ్గర నుంచి మొదలుపెట్టి చెప్పే శ్రీలక్ష్మిని ఎవరు మరిచిపోగలరు? ఆమె చెబుతుంటే వినలేక నలిగిపోయే మనిషి పక్కనే ఉంటాడు. జార్జియా సినిమాకు అటువంటి వినేవాళ్లు ఇంకొందరు ఉంటే బాగుండేదని నాకు అనిపిస్తుంది. వీలైతే మీ తరువాతి జంటగా దీన్ని తీసుకోండి.

ఇక రాయించే విషయం. మీ ఊళ్లోనే అందుకు చక్కని వస్తువు ఉంది. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం రోజున, పూజారి కూర్చునే పొడవాటి సిరిమాను గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది కదా. ఆ జనంలో, ఒక మేడ మీద, బంధువుల మధ్య ఇరుక్కుని నిలబడిన పదహారేళ్ల అమ్మాయి డైరీని రాయమనండి. మొదటిసారి సిరిమాను వచ్చినప్పుడు ఒక రాత, రెండోసారికి ఒకటి, మూడోసారికి ఒకటి. ఎదురు మేడ మీద ఉన్న కుర్రవాడు తననే చూస్తున్నాడని మొదటి రాతలో ఆమెకు గట్టి నమ్మకం ఉండాలి. ఆ నమ్మకం ఎలా పోయిందో మాత్రం ఎక్కడా నేరుగా రాయకూడదు. తరువాత అదే సంగతిని డైరీ లేకుండా, మాటలతో, చేష్టలతో ఒక సన్నివేశంగా రాయమనండి. ఆ మేడ మీద ఒక మేనత్తను తప్పకుండా ఉంచమని చెప్పండి. డైరీలో ఆమెకు ఒక్క వాక్యం దక్కినా చాలు. సన్నివేశంలో మాత్రం మొదటి మాట ఆమెదే కావాలి.