కమ్యూనిజం అంటే ఏమిటో కొత్తవారికి నాలుగు ముక్కల్లో చెప్పండి

కొత్త పాఠకురాలు: కమ్యూనిజం, సోషలిజం ఒకటేనా? పరిభాష తెలియని నాకు అర్థమయ్యేలా ఎవరైనా చెప్పగలరా?

నిప్పురవ్వ: భూమి, గనులు, కర్మాగారాలు ఏ ఒక్కరి సొత్తూ కాకుండా అందరివీ అయ్యే సమాజం కమ్యూనిజం. వర్గాలుండవు, చివరికి రాజ్యం, అంటే పోలీసు, సైన్యం లాంటి ప్రభుత్వ యంత్రాంగం, అవసరమే ఉండదు. శక్తి కొద్దీ పని, అవసరం కొద్దీ ప్రతిఫలం అని 1875లో మార్క్స్ రాశాడు. అందుకు ముందు దశకు సోషలిజం అని పేరు స్థిరపడింది. అక్కడ చేసిన పనిని బట్టే ప్రతిఫలం.

చదువరి: మా ఇంట్లోని కుట్టుమిషను కూడా అందరిదేనా?

నిప్పురవ్వ: కాదండీ. మార్క్స్, ఎంగెల్స్ రాసిన 1848 నాటి కమ్యూనిస్టు ప్రణాళిక (మానిఫెస్టో) రద్దు చేయమన్నది బూర్జువా ఆస్తిని, అంటే ఇతరుల శ్రమతో లాభం తెచ్చే పెట్టుబడిదారుల ఆస్తిని. మీ బట్టలు మీరు కుట్టుకుంటే అది మీ వస్తువు. ఇద్దరిని జీతానికి పెట్టి, వాళ్ల పనిలో మిగిలింది మీరు ఉంచుకుంటే పెట్టుబడి. 1936 సోవియట్ రాజ్యాంగం కూడా సొంత ఇంటిని, పొదుపును పౌరుల హక్కుగానే గుర్తించింది.

చదువరి: మిషను అదే, సూది అదే. పక్కన చెల్లెలు కూర్చుంటే? పని ఎక్కువైన నెలలో ఆమెకు జీతమిస్తే?

బాటసారి: కుట్టుమిషను వదలండి బాబూ!

తటస్థుడు: నిర్వచనం ముచ్చటగా ఉంది. సోవియట్ యూనియన్‌లో 1932-33 కరవు ఏది? పొలాలను బలవంతంగా సమష్టి క్షేత్రాల్లో కలిపి, ధాన్యం ఊడ్చుకుపోతే లక్షల మంది ఆకలితో చనిపోయారు. అది చెప్పరా?

నిప్పురవ్వ: సోవియట్ యూనియన్ కమ్యూనిజానికి చేరుకున్నానని ఎన్నడూ అనలేదు. ఇరవై ఏళ్లలో చేరతామని 1961లో పార్టీ ప్రకటించింది, చేరలేదు.

తటస్థుడు: బండి ఊరు చేరలేదు కాబట్టి చక్రాల కింద పడ్డవాళ్లు లెక్కలోకి రారా?

నిప్పురవ్వ: లెక్కలా? మా నాన్న 22 ఏళ్లు ఒకే మగ్గం నడిపారు. చప్పుడు మారితే ఏ పళ్లచక్రం అరిగిందో చెయ్యి ఆనించి చెప్పేవారు. ఒక రాత్రి యజమాని యంత్రాలన్నీ అమ్మేశాడు. తెల్లవారేసరికి గేటుకు తాళం. నాన్నను ఒక్క మాట అడగలేదు, అడగనక్కర్లేదు కూడా. అదీ ఆస్తి హక్కంటే!

చదువరి: మా అమ్మ అప్పు చేసి రెండు మిషన్లు కొంది. ఇద్దరు అమ్మాయిలకు జీతమిచ్చాకే తను తీసుకునేది, కొన్ని నెలలు ఏమీ మిగిలేది కాదు. ఒక సంఘం నాయకుడు వచ్చి ఆమెను దోపిడీదారు అన్నాడు. మూడు రోజులు మిషను ముట్టలేదు. మొదటినుంచీ నేను అడుగుతున్నది అదే. మీ నిర్వచనంలో మా అమ్మ ఎవరు?

నిప్పురవ్వ: పెటీ బూర్జువా, అంటే తనూ పనిచేసే చిన్న యజమాని. అది తిట్టు కాదు.

చదువరి: ఆ సంగతి ఆమెకెవరూ చెప్పలేదు. నష్టం వస్తే ఆ ఇద్దరూ పంచుకునేవారా?

నిప్పురవ్వ: మా నాన్న పంచుకున్నారుగా నష్టం. లాభమే పంచలేదు.

కొత్త పాఠకురాలు: సోషలిజంలో పనిని బట్టి, కమ్యూనిజంలో అవసరాన్ని బట్టి అని రాసుకున్నాను. కుట్టుమిషను దగ్గర ప్రశ్నార్థకం పెట్టాను.

నిప్పురవ్వ: ప్రశ్నార్థకం అక్కర్లేదు. పైన చెప్పాను కదా.