సమస్యాపూరణం: "చేను లేని పల్లె చెలువమొందె"

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. పైన మూడు పాదాలు మీరు రాసి, అర్థం కుదిరేలా పద్యం పూర్తి చేయాలి. పల్లెను వర్ణించమంటే చాలామంది పచ్చని పొలాలు, గలగల సెలయేళ్ళు అని రాసి ఊరుకుంటున్నారు. సెలయేరు కొండల్లోది. మైదానంలో పారేది వాగు, రాయలసీమలో అదే వంక, శ్రీకాకుళం వైపు గెడ్డ. పద్యం ఏ ఊరిదో ఆ ఊరి మాటే అందులో ఉండాలి. అందుకే ఈసారి "చేను" ఇచ్చాను. చేను లేని పల్లెకు అందం ఎలా వచ్చిందో చెప్పండి.

లంక కుర్రాడు (కోనసీమ):
మడుల నీరు నిలిచి మాగాణి పచ్చనై
కొబ్బరాకు నీడ కులుకుచుండ
మెట్ట లేదు గాన మెరకచేలును లేవు
చేను లేని పల్లె చెలువమొందె

చేను అంటే మెట్ట భూమి అన్న అర్థంలో పూరించానండి. మాది అంతా మాగాణి, తోటలు.

పాలమూరు మాస్టారు:
తమ్ముడూ, యతులు చక్కగా కుదిరాయి. నీ అర్థం మా దిక్కు బాగా నప్పుతుంది. మాకు పొలమంటే వరి మడి. పత్తి, కంది, జొన్న వేసింది చేను. ఎర్రటి తేలిక నేల అయితే చెలక. పాత రికార్డుల్లో కూడా తరి (నీటి వసతి ఉన్న భూమి) వేరు, ఖుష్కి (మెట్ట) వేరు. కానీ మీ కోనసీమలో ఈ తేడా నిలుస్తుందా?

కాకినాడ కోడలు:
నిలవదు మాస్టారూ. మా గోదావరి జిల్లాల్లో "వరిచేను" అనే అంటాం. "చేను కోతకొచ్చింది" అంటే వరే. కాబట్టి తమ్ముడి పద్యం నడక బాగున్నా, ఆ అర్థం ఆ ఊరికి అతకదు. అదే పద్యాన్ని తెలంగాణలో ఆయకట్టు ఊరికి మారిస్తే సరిపోతుంది. అప్పుడు కొబ్బరాకు తీసేయాలి మరి.

పాలమూరు మాస్టారు:
నా పూరణ:

చెరువు నిండ నీరు చేరెను; తూములు
తెరువ గాల్వ పారె, తీరు మారె;
ఊరిలోన నేడు నొక్కటైన పడావు
చేను లేని పల్లె చెలువమొందె

తెలంగాణలో చెరువుల బాగుకోసం మిషన్ కాకతీయ పథకం 2015లో మొదలయ్యాక పూడిక తీసిన చెరువుల్ని దృష్టిలో పెట్టుకుని రాసిన.

నిర్వాహకుడు:
మాస్టారూ, "చేను"కు ముందు "పడావు" చేర్చి సమస్యను తేలిగ్గా దాటారు. అయినా ఆ మాట ఎంపిక నాకు చాలా నచ్చింది. అక్కడ "బీడు" వేస్తే ఇంత పదును ఉండేది కాదు. బీడు ఏళ్ళ తరబడి దున్నక గట్టిపడి గడ్డి మొలిచిన నేల. బంజరు సాగులోకే రాని నేల, ఎక్కువగా సర్కారుది. పడావు అలా కాదు, దున్నే రైతు ఉన్నాడు, నీళ్ళు లేక వదిలేశాడు. చెరువు నిండితే ముందు మారేది అదే.

మూడో పాదం మాత్రం దిద్దాలి. నేడు + ఒక్కటైన అన్నచోట ఉత్వసంధి నిత్యం, "నేడొక్కటైన" అవుతుంది. మధ్యలో నకారం రాదు. "ఊరిలో వెదికిన నొక్కటైన పడావు" అంటే గణాలూ యతీ చెడవు, "వెదికినన్" ద్రుతాంతం (చివర నకారం ఉన్న మాట) కాబట్టి నకారమూ న్యాయంగానే వస్తుంది.

అనంత రైతుబిడ్డ:
మా ఊర్లో చేను లేకుంటే ఇంకేముంది అన్నా! అందుకని ప్రశ్నగా పూరించినా.

చినుకు రాలినంత చెనికాయ విత్తగా
గొర్రు వెంట సాగు కూలిపాట;
వానకెదురు చూచు వారికి నెచ్చట
చేను లేని పల్లె చెలువమొందె?

చెనికాయ అంటే వేరుశనగ. మేం పలికేది చెనిక్కాయ. గణం కోసం ద్విత్వం వదిలినా.

నిర్వాహకుడు:
ప్రశ్నార్థకం చేయడం పాత ఉపాయమే, కానీ ఇక్కడ ఊరి బతుకే ఆ ప్రశ్న వేస్తోంది. విత్తనం వేసే "గొర్రు" ఉండటంతో విత్తనాలు పడే సాళ్ళు కూడా కనిపించాయి. నాగలి అని ఉంటే ఆ చిత్రం వచ్చేది కాదు.

కాకినాడ కోడలు:
పొలం నేల పేరు. ఆ నేల మీద పైరు నిలబడితే అది చేను. "చేను కోశారు" అంటాం, "పొలం కోశారు" అనం. ఈ తేడాతోనే నా పూరణ:

కోత ముగిసి పొలము కుప్పలతో నిండె
ముగ్గులోన గొబ్బి ముద్ద మురిసె
బోడి మళ్ళ మీద భోగి వెలుగు పండె
చేను లేని పల్లె చెలువమొందె

పాలమూరు మాస్టారు:
అమ్మా, అద్భుతం! విశేషణం తగిలించలేదు, ప్రశ్న చేయలేదు. చేనుకు ఉన్న అసలు అర్థంతోనే విరోధం తొలగించావు.

దివిసీమ పెదనాన్న:
పద్యం బాగుందమ్మాయ్. కానీ మా కృష్ణా డెల్టాలో కోతకు రెండు మూడు రోజుల ముందే వరిలో మినుము చల్లుతాం. వరి కోసేసరికి అది మొలకెత్తి ఉంటుంది. సంక్రాంతికి మా మళ్ళు బోడిగా ఉండవు, మినపచేను ఉంటుంది.

నిర్వాహకుడు:
నిజమే పెదనాన్న గారూ. ఇలా ఊరు మారితే మాట మారుతుందనే 1962లో భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో జిల్లాలవారీ వ్యవసాయ పదాలను కోశంగా వేశారు. కోడలు గారి పద్యానికి ఈ వారం మొదటి స్థానం ఇస్తున్నాను, రెండో పంట వేయని ఊరి పద్యంగా. మీ మినపచేనుకు కూడా ఒక పూరణ పంపండి. ఆదివారం దాకా గడువుంది.