ఇంటి వంట రుచి పరాయి దేశంలో ఎందుకు కుదరడం లేదు?

ప్రశ్న

పరాయి దేశానికి వచ్చిన కొత్తలో ఇక్కడి రుచులతోనే రోజులు హాయిగా గడిచిపోయాయి. ఆ తరువాత మెల్లగా, ముఖ్యంగా చలికాలంలోనూ ఒంట్లో నలతగా ఉన్నప్పుడూ, చిన్ననాటి తిండి మీదికి మనసు పోవడం మొదలైంది. నేను కోరుకుంటున్నది పండుగ వంటలో విందు వంటలో కావు. ఇంట్లో ఉన్నప్పుడు పెద్దగా పట్టించుకోకుండా తిని లేచిపోయిన రోజువారీ తిండే. నాది ఏ దేశమో, ఇప్పుడు ఏ దేశంలో ఉన్నానో కావాలనే రాయడం లేదు. నాతో పనిచేసేవారిలో వేరే ఖండాల నుంచి వచ్చినవారు కూడా అచ్చంగా ఇదే బాధ చెప్పుకుంటున్నారు కాబట్టి, ఇది ఒక వంటకానికో ఒక ప్రాంతానికో చెందిన సమస్య కాదని అనిపిస్తోంది.

వెతికితే దినుసులు దొరుకుతున్నాయి. ఇంటి నుంచి కొలతలు అడిగి తెలుసుకుని, అదే పద్ధతిలో వండుతున్నాను. చూడడానికి అంతా సరిగ్గానే ఉంటుంది కానీ, నోట్లో పెట్టుకోగానే ఏదో తక్కువైనట్టు తెలిసిపోతుంది. లోపం దినుసుల్లో ఉందా, నీటిలో ఉందా, లేక నా మనసులోనే ఉందా? ఈ రుచిని పట్టుకోవడానికి ఇంకా ప్రయత్నించడం మంచిదా, ఇక్కడి తిండికి అలవాటు పడిపోవడం మంచిదా? చాలాకాలంగా బయట ఉంటున్నవారు తమ ఆలోచన చెప్పగలరు.

మొదటి జవాబు

మనసు సంగతి తరువాత చూద్దాం. ముందు మీ కుళాయి నీటిని అనుమానించండి, ఎందుకంటే కొలతల కాగితంలో ఎవరూ రాయని దినుసు అదే. నీటిలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉంటే అవి గింజల పొరల్లోని పెక్టిన్ అనే జిగురు పదార్థాన్ని బిగించేస్తాయి కాబట్టి, పప్పుధాన్యాలు ఎంతసేపు ఉడికించినా మెత్తబడవు. ఒకే దేశంలో కూడా ఈ తేడా ఉంటుంది. సుద్దరాతి పొరల మీదుగా వచ్చే లండన్ నీరు బాగా కఠినం, లోక్ కాట్రిన్ సరస్సు నుంచి వచ్చే గ్లాస్గో నీరు చాలా మృదువు. ఒకే పొట్లంలోని గింజలు ఈ రెండు నగరాల్లో ఒకేలా ఉడకవు, ఒకే డబ్బాలోని టీ పొడి ఒకే రంగు దిగదు. చిటికెడు వంటసోడా వేసినా, వడపోసిన నీటితో వండినా చాలావరకు సర్దుకుంటుంది. సోడా ఎక్కువైతే మాత్రం సబ్బు వాసన వస్తుంది. పులుపు కూడా గింజను మెత్తబడనివ్వదు కాబట్టి, దాన్ని ఉడికిన తరువాతే చేర్చాలి.

రెండో అనుమానం దినుసు వయసు మీద. మనం ఎంతో వెతికి కొనే పొట్లం ఓడల్లోనూ గోదాముల్లోనూ నెలల తరబడి ఉండి వస్తుంది. వేడిలో, తేమలో నిల్వ ఉన్న గింజలు ఒక దశ దాటాక ఏం చేసినా ఉడకవు. పొడి కొట్టిన మసాలా దినుసుల్లో సువాసననిచ్చే నూనెలు ఆవిరైపోయి రంగు మాత్రం మిగులుతుంది. అందుకే దినుసులను గింజలుగానే కొని, వండే ముందు వేయించి దంచుకోవాలి. ఈ ఒక్క మార్పుతోనే సగం తేడా తీరిపోవడం నేను చాలామంది ఇళ్లలో చూశాను.

పిండి సంగతి మరీ చిక్కు. సంచి మీద గోధుమపిండి అనే రాసి ఉన్నా, కేకుల కోసం ఆడించిన పిండిలో మాంసకృత్తులు 8 శాతం ప్రాంతంలో, రొట్టెల కోసం ఆడించిన దానిలో 12 శాతానికి పైగా ఉంటాయి కాబట్టి ఒకదాని పని మరొకటి చేయదు. జర్మనీలో సంచుల మీద కనిపించే 405, 550, 1050 అన్న అంకెలు పిండిని కాల్చినప్పుడు మిగిలే బూడిదను తెలుపుతాయి. అంకె పెరిగే కొద్దీ తవుడు వంతు ఎక్కువ, రంగు ముదురు. పాల విషయానికి వస్తే, 135 డిగ్రీలు దాటించి కొన్ని క్షణాలు వేడిచేసి అమ్మే పాలలో ఉడికిన వాసన ఉంటుంది, అవి విరిగినా గట్టిగా ముద్ద కట్టవు. మీరుండేది ఎత్తైన నగరమైతే మరో చిక్కు ఉంది. సముద్రమట్టానికి 2,600 మీటర్ల పైన ఉన్న బొగోటాలో నీరు సుమారు 91 డిగ్రీలకే మరుగుతుంది కనుక, అక్కడ ప్రెషర్ కుక్కర్ లేకుండా పాత కొలతలూ పాత సమయాలూ పనికిరావు.

ఇవన్నీ సరిచూసుకున్నాక కూడా ఏదో తక్కువనిపిస్తే, అప్పుడు మనసును అనుమానించవచ్చు.

రెండవ జవాబు

పై జవాబులో చెప్పినవన్నీ నిజమే కానీ, మనసును చివరికి నెట్టేయడం నాకు సమ్మతం కాదు. మనం రుచి అనుకునే దానిలో ఎక్కువ భాగం నిజానికి వాసనే. నమిలేటప్పుడు గొంతు వెనుక నుంచి ముక్కులోకి చేరే ఆ వాసనను నాలుకకు అంటగడతాం. చూపు, వినికిడి వంటివి మెదడులో థాలమస్ అనే కేంద్రం గుండా ముందుకు సాగుతాయి. వాసన మాత్రం అక్కడ ఆగకుండానే, ఉద్వేగాలకూ జ్ఞాపకాలకూ సంబంధించిన భాగాలకు సూటిగా చేరుతుంది. పోపు వేగుతున్న వాసనకు, ఏమిటా వాసన అని పోల్చుకునే లోపే, గుండె బరువెక్కడానికి కారణం ఇదే కావచ్చు.

ఈ అలవాటు మనం అనుకునే దానికంటే ముందే మొదలవుతుంది. జూలీ మెన్నెల్లా బృందం 2001లో ప్రచురించిన పరిశోధనలో, గర్భంతో ఉన్నప్పుడో పాలిచ్చేటప్పుడో క్యారెట్ రసం తాగిన తల్లుల పిల్లలు, తరువాత క్యారెట్ రుచి కలిపిన గంజిని మిగతా పిల్లలకంటే తక్కువ విముఖతతో తీసుకున్నారు. అంటే మీరు వెతుకుతున్న రుచిలో కొంత భాగం మీ జ్ఞాపకానికి అందని కాలానిది.

ఇక సాంత్వన మాట. జోర్డన్ ట్రాయిసీ, షైరా గేబ్రియల్ 2011లో వెలువరించిన పరిశోధన ప్రకారం, మనకు ఊరటనిచ్చే తిండి మన మనుషులతో ముడిపడి ఉంటుంది, ఆత్మీయ సంబంధాల మీద నమ్మకం ఉన్నవారికి అది ఒంటరితనాన్ని తగ్గిస్తుంది. దీనికి ఎదురుగా ట్రేసీ మాన్ సహరచయితగా 2014లో వచ్చిన మరో పరిశోధన ఉంది. మనసు పాడైనప్పుడు ఇష్టమైన తిండి తిన్నవారూ, మరొకటి తిన్నవారూ, ఏమీ తిననివారూ దాదాపు ఒకేలా కోలుకున్నారని అందులో తేలింది. ఈ రెంటినీ కలిపి చూస్తే నాకు తోచేది ఇది: తిండిలోని పదార్థం కంటే, ఆ తిండి ఎవరిని గుర్తుకు తెస్తుందన్నదే పని చేస్తోంది. మీరు ఒంటరిగా వండుకుని, ఒంటరిగా తింటూ, ప్రతి ముద్దనూ పరీక్షిస్తూ కూర్చుంటే ఎంత చక్కగా వండినా అది పరీక్షలో తప్పుతూనే ఉంటుంది. ఒకసారి మీ సహోద్యోగులను పిలిచి వడ్డించి చూడండి. వారికి పోల్చుకోవడానికి పాత రుచి లేదు కదా, వారి మెప్పు విన్నాక మీ నాలుక కూడా కాస్త మెత్తబడుతుంది.

మూడవ జవాబు

మనుషులను పిలవమన్న సలహా మంచిదే. అయినా, పదార్థానికి ప్రాధాన్యం లేదన్నట్టు ధ్వనించే వాదనను ఒప్పుకోలేను. ఆ 2014 పరిశోధనలోలా ల్యాబొరేటరీలో మనసు పాడుచేసే ఒక దృశ్యం చూపించి, వెంటనే తినిపించి, మనసు తేరుకుందా అని అడగడం వేరు. ఏళ్ల తరబడి ఒక రుచికి దూరంగా ఉండడం వేరు.

నా అభిప్రాయంలో, మనం వంటకం కోసం ఆరాటపడుతున్నామని అనుకుంటాం కానీ, చాలాసార్లు మనకు కావలసింది అందులోని ఒకే ఒక్క అంశం. అది ఒక రకం పులుపు కావచ్చు, ఘాటు కావచ్చు, కరకర కావచ్చు, అడుగంటిన వాసన కూడా కావచ్చు. ఆ అంశమేమిటో కనిపెట్టగలిగితే మిగతావన్నీ స్థానికంగా దొరికే వాటితో సర్దుకోవచ్చు. పూర్వం వలస వెళ్లినవారు అదే చేశారు. 1937లో సోవియట్ ప్రభుత్వం దూర ప్రాచ్యంలోని సుమారు 1,70,000 మంది కొరియన్లను బలవంతంగా కజకిస్తాన్, ఉజ్బెకిస్తాన్‌లకు తరలించింది. కిమ్చీ అనే తమ పులియబెట్టిన పచ్చడికి కావలసిన క్యాబేజీ అక్కడ దొరకలేదు. వారు క్యారెట్‌ను సన్నగా తరిగి, వెల్లుల్లి, కారం, ధనియాలు, వెనిగర్ కలిపి, పైన కాగిన నూనె పోశారు. మోర్కోవ్చా అనే ఆ వంటకం కొరియా సంప్రదాయ వంటల్లో లేదు. పూర్వపు సోవియట్ దేశాల సంతల్లో మాత్రం ఈనాటికీ కొరియన్ క్యారెట్ పేరుతో అమ్ముడవుతోంది. వారు కూరగాయను వదులుకున్నారు కానీ వెల్లుల్లి ఘాటునూ కరకరనూ వదులుకోలేదు. దాన్ని రాజీ అని తీసిపారేసేవారుంటారు, నా దృష్టిలో అంతకు మించిన వంట తెలివి లేదు.

మీరు అన్న "ఏదో తక్కువ" అనే మాట నాకు ఇంకో అనుమానం కలిగించింది. ఉప్పూ పులుపూ కారమూ సరిపోయి కూడా వంట చప్పగా తోస్తే, లోపించినది ఉమామి అనే అయిదో రుచి కావచ్చు. జపాన్ రసాయన శాస్త్రవేత్త కికునాయె ఇకెదా 1908లో సముద్రపు నాచు రసం నుంచి దాన్ని వేరుచేసి, గ్లుటామేట్ అనే పదార్థం దానికి మూలమని చూపించారు. పులియబెట్టిన సోయా, ఎండబెట్టిన చేప, పాతబడిన చీజ్, ఎండు పుట్టగొడుగులు, బాగా పండిన టమాటాలు, ఇలా దాదాపు ప్రతి దేశపు అంగడిలోనూ దానికి ఏదో ఒక రూపం దొరుకుతుంది. మీ ఇంట్లో వాడే దానికి బదులు ఇక్కడి దాన్ని ఒక చెంచా కలిపి చూడండి. పేరు పరాయిది కావచ్చు కానీ, ఆ పని చేసిపెడుతుంది.

నాలుగవ జవాబు

ఆ ఒక్క అంశాన్ని ఇంటి నుంచే తెచ్చుకోవాలనిపిస్తే, సామాను సర్దే ముందు నిబంధనలు చదవండి. యూరోపియన్ యూనియన్‌లోకి బయటి దేశాల నుంచి వచ్చే ప్రయాణికులు మాంసాన్నీ పాలనూ వాటితో చేసిన పదార్థాలనూ సాధారణంగా తీసుకురాకూడదు. పసిపిల్లల పాలపొడి వంటి వాటికి పరిమితితో మినహాయింపు ఉంది. పండ్లు, కూరగాయలు, తాజా ఆకులకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. అనాస, కొబ్బరికాయ, దూరియన్, అరటి, ఖర్జూరం, ఈ అయిదింటికి మాత్రమే ఆ పత్రం అక్కర లేదు. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్‌లలో ఏ తిండి తెచ్చినా ముందుగా ప్రకటించాలి. ప్రకటించని దానికి న్యూజీలాండ్‌లో అక్కడికక్కడే 400 డాలర్ల జరిమానా వేస్తారు, ఆస్ట్రేలియాలో వీసా రద్దయ్యే అవకాశం కూడా ఉంది. ప్రకటించి పోగొట్టుకుంటే పోయేది పొట్లం మాత్రమే.

ఇదంతా అధికారుల చాదస్తమని విసుక్కునేవారికి ఒక మాట. 2001లో బ్రిటన్‌లో గాలికుంటు వ్యాధి వ్యాపించినప్పుడు 60 లక్షలకు పైగా పశువులను చంపవలసి వచ్చింది. సరిగా మరిగించకుండా పందులకు పెట్టిన ఎంగిలి వ్యర్థాలతో అది మొదలైందని దర్యాప్తులో భావించారు. ఒక చిన్న మాంసపు పచ్చడి సీసాకు అంత రభస ఎందుకో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

పొడిగా, గట్టిగా మూసిన, దినుసుల పేర్లు స్పష్టంగా అచ్చువేసి ఉన్న పొట్లాలతో సాధారణంగా ఇబ్బంది తక్కువ. ఇంట్లో కట్టిన, పేరు లేని పొట్లాలతోనే చిక్కు, ప్రేమతో కట్టినవి అవే అయినా సరే.

ప్రశ్న అడిగినవారి స్పందన

అందరికీ కృతజ్ఞతలు. మూడవ జవాబు చదివాక నేను ఒకే వంటను మూడు గిన్నెల్లోకి పంచి, ఒకదానిలో పులుపు, ఒకదానిలో పులియబెట్టిన సోయా రసం, మరోదానిలో చివరగా కాచి పోసిన నూనె చేర్చి చూశాను. పులుపు చేర్చిన గిన్నె పాడైంది, సోయా చేర్చినది ఫరవాలేదు. కాగిన నూనె పోసినది మాత్రం ఇంటికి చాలా దగ్గరగా వచ్చింది. ఇక్కడి విద్యుత్ పొయ్యి మీద నేను నూనెను సరిగా కాగనివ్వడం లేదని, పొగ గంట మోగుతుందన్న భయంతో ముందే దించేస్తున్నానని ఇప్పుడు అర్థమైంది. రుచి పూర్తిగా కుదిరిందని మాత్రం చెప్పలేను, ఎందుకంటే అందులో వేసే తాజా ఆకు నాకు అరుదుగా దొరుకుతోంది. దొరికినప్పుడు ఎక్కువగా కొని ఎండబెట్టి దాచుకుంటే అది గడ్డిలా అయిపోతోంది. దీనికేమైనా మార్గం ఉందా?

మొదటి జవాబు రాసినవారు మళ్లీ

ఎండబెట్టవద్దు. కాస్త గట్టిగా, నూనె ఎక్కువగా ఉండే ఆకులు ఎండినా వాసన నిలుపుకుంటాయి కానీ, మెత్తని, సున్నితమైన ఆకుల్లో సువాసన నీటితో పాటే ఎగిరిపోతుంది. అటువంటి వాటిని కడిగి, తడి పూర్తిగా ఆరనిచ్చి, కొద్ది కొద్దిగా విడివిడి సంచుల్లో గాలి లేకుండా మూసి ఫ్రీజర్‌లో పెట్టండి. సన్నగా తరిగి, మంచుగడ్డల పళ్లెంలో నూనెతో కలిపి గడ్డకట్టిస్తే ఇంకా మంచిది, ఎందుకంటే సువాసననిచ్చే పదార్థాలు నూనెలో కరిగి నిలుస్తాయి. ఆకు నలుపెక్కినా కంగారు పడనక్కరలేదు, వాసన ఉంటే చాలు. కరగనివ్వకుండా నేరుగా వేడి గిన్నెలో వేయండి. నూనె కాచేందుకు మందపాటి ఇనుప మూకుడు కొనుక్కోండి, విద్యుత్ పొయ్యి మీద అది వేడిని పట్టి ఉంచుతుంది. పొగ గంటను మాత్రం ఆపేయకండి, కిటికీ తెరిచి, పొగ లాగే ఫ్యాన్ ముందే వేసుకుని మొదలుపెట్టండి.