అక్క కీళ్లవాతానికి చైనా వేరు మాత్రలు వాడొచ్చా?

ప్రశ్న (హన్మకొండ నుంచి):
మా అక్కకు రుమటాయిడ్ కీళ్లవాతం. పొద్దున లేస్తే వేళ్లు ముడుచుకోవు, చాయ్ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటుంది. మెథోట్రెక్సేట్ వారానికోసారి వేసుకుంటోంది గానీ ఆ రోజంతా వికారమే, విసిగిపోయింది. ఇప్పుడు బావ దోస్తు ఒకాయన 'థండర్ గాడ్ వైన్' అనే చైనా వేరు మాత్రలు తెచ్చిచ్చాడు, అక్కడ డాక్టర్లే రాస్తారట. నిజంగా రుజువు ఉందా, ఉత్త ముచ్చటేనా? పెళ్లయి ఏడాది, పిల్లల కోసం కూడా చూస్తున్నారు.

మెడికల్ షాపు, కాజీపేట:
రుజువు ఉంది తమ్మీ, నాకు భయమేసేది కూడా అందుకే. 2014లో బయటికొచ్చిన చైనా పరిశోధనలో 207 మందిని మూడు గుంపులు చేసి ఒకరికి మెథోట్రెక్సేట్, ఒకరికి ఈ వేరు సారం, మిగతావాళ్లకు రెండూ ఇచ్చారు. ఆరు నెలలకు జబ్బు సగమైనా తగ్గినవాళ్లు వరుసగా 46, 55, 77 శాతం. ఎవరు ఏ మందు తింటున్నారో వాళ్లకు తెలుసు కాబట్టి ఆ అంకెల్ని కొంచెం తగ్గించుకునే చదవాలి, అయినా తీసిపారేసేవి కావు. కానీ ఈ వేరుకు నెలసరి ఆగిపోతుంది, కొందరికి మళ్లీ రాదు. మగవాళ్లలో వీర్యకణాలు పడిపోతాయి, దీన్ని మగవాళ్ల గర్భనిరోధక మందుగా కూడా పరీక్షించారు! పిల్లలు కావాలనుకునే అక్కకు ఇదా ఇచ్చేది?

హుజూరాబాద్ పెద్దమనిషి:
చైనా మందు అనగానే భయపెట్టడమేనా? మలేరియాకు ఆర్టెమిసినిన్ ఆ మూలికల్లోంచే వచ్చింది, దాన్ని వెలికితీసిన చైనా శాస్త్రవేత్త తు యుయుకు 2015లో నోబెల్ కూడా ఇచ్చారు.

పీజీ స్టూడెంట్, వరంగల్:
నిజమే సార్, కానీ ఆమె ఆ మొక్కలోంచి పనిచేసే పదార్థాన్ని వేరుచేసి, కొలిచి, పరీక్షించి చూపించారు. ఈ డబ్బాలో ఏముందో ఎవరు కొలిచారు? 1990ల మొదట్లో బెల్జియంలో సన్నబడటానికిచ్చిన చైనా మూలికల్లో ఒకదాని బదులు అరిస్టలోకియా జాతి వేరు కలిసి, వందమందికి పైగా ఆడవాళ్ల కిడ్నీలు దెబ్బతిన్నాయి. మన ఈశ్వరి తీగదీ ఆ జాతే. ఇంకో ముఖ్యమైన మాట, మెథోట్రెక్సేట్ మీద ఉండగా కూడా గర్భం రాకూడదు. డాక్టర్‌కు పిల్లల సంగతి చెప్పారా? సల్ఫసలజీన్, హైడ్రాక్సీక్లోరోక్విన్ లాంటి కీళ్లవాతం మందులు గర్భంతో ఉన్నా వాడతారు. అలాగని సొంతంగా మాత్రం ఏదీ ఆపొద్దు.

ప్రశ్న అడిగినవారు:
చెప్పలేదన్నా, అడగలేదని అక్క ఊరుకుంది. డబ్బా మీద చైనా అక్షరాలే, ఎంత మోతాదో కూడా అర్థం కాదు. వాపస్ ఇచ్చేస్తున్నాం, ఈ వారమే డాక్టర్ దగ్గరికి బావను కూడా తీసుకుపోతా.