ఐ3-12100ఎఫ్‌తో గేమ్ తడబడుతోంది, లోపం ప్రాసెసర్‌దేనా?

ప్రశ్న: నమస్కారమండీ. నా దగ్గర ఇంటెల్ కోర్ ఐ3-12100ఎఫ్ ఉంది. సినీబెంచ్ స్కోరు అందరికీ వచ్చినట్టే వస్తోంది. కానీ సైబర్‌పంక్ 2077లో జనం ఎక్కువున్న వీధిలోకి వెళ్తే చాలు, ఆట కుదుపులు మొదలు. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ 70 శాతం దాటదు. మరి అడ్డు గ్రాఫిక్స్ కార్డు దగ్గరుందా?

జవాబు 1: సినీబెంచ్‌ని పక్కన పెట్టండి. అది 3డి రెండరింగ్ వేగాన్ని కొలుస్తుంది, పనిని అన్ని కోర్లకూ చక్కగా పంచేస్తుంది. గేముల్లో భారం చాలావరకు ఒకటి రెండు థ్రెడ్ల (ప్రాసెసర్ ఒకేసారి నడిపే పని వరుసల) మీదే పడుతుంది. మీ చిప్‌లో 4 కోర్లు, 8 థ్రెడ్లు. ఒక థ్రెడ్ పూర్తిగా నిండిపోయినా మొత్తం లెక్కలో అది 12.5 శాతమే. కాబట్టి ఆ 70ని నమ్మకండి.

ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్, రివాట్యూనర్ అనే సాఫ్ట్‌వేర్లు వేసుకుని జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) వాడకం, ఒక్కో థ్రెడ్ వాడకం, ఫ్రేమ్‌టైమ్ (ఒక్కో ఫ్రేమ్‌కి పట్టే సమయం) గ్రాఫ్ స్క్రీన్ మీద పెట్టుకోండి. ఫ్రేమ్‌ల వేగాన్ని కట్టేసే వీ-సింక్, ఫ్రేమ్ లిమిట్, తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేసే డీఎల్ఎస్ఎస్, ఎఫ్ఎస్ఆర్ అన్నీ ఆపేయండి. కుదుపులొచ్చే ఆ వీధిలోనే ఒకే దారిలో నడుస్తూ 1080పీ రిజల్యూషన్‌లో ఒకసారి, 720పీలో ఒకసారి చూడండి. రిజల్యూషన్ తగ్గితే గ్రాఫిక్స్ కార్డు మీద భారం తగ్గుతుంది. మిగతా సెట్టింగులు ముట్టుకోవద్దు. ఫ్రేమ్‌లు బాగా పెరిగితే అడ్డు గ్రాఫిక్స్ కార్డే. పెరగకపోతే ప్రాసెసర్‌నో ర్యామ్‌నో అనుమానించాలి.

సగటు ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే ఫ్రేమ్‌లు) కంటే ‘1% low’, అంటే బాగా నెమ్మదించిన 1 శాతం ఫ్రేమ్‌ల వేగం, ముఖ్యం. 60 ఎఫ్‌పీఎస్ అంటే ఫ్రేమ్‌కి 16.7 మిల్లీసెకన్లు. మధ్యలో ఒక్క ఫ్రేమ్ 50 తీసుకున్నా సగటు పెద్దగా కదలదు, కంటికి మాత్రం తెలిసిపోతుంది. మొదటి రౌండ్ లెక్కలోకి తీసుకోకండి, అందులో లోడింగ్, షేడర్లు (గ్రాఫిక్స్ గీసే చిన్న ప్రోగ్రాములు) తయారయ్యే గోల కలిసుంటుంది.

జవాబు 2: గేమ్‌లోని బెంచ్‌మార్క్ (వేగం కొలిచే పరీక్ష) ఒక్కటే నడిపి ఊరుకోకండి. అది వెళ్లే దారి వేరు, మీరు ఇబ్బంది పడే వీధి వేరు.

ప్రశ్న అడిగినవారు: చూశానండీ. 720పీలోనూ ఎఫ్‌పీఎస్ దాదాపు అంతే. జీపీయూ 60 శాతం దగ్గరే ఆగుతోంది, రెండు థ్రెడ్లు 95 పైనే. ఇంకోటి, డీడీఆర్4 ర్యామ్ 16 జీబీ ఒకే స్టిక్. ప్యాకెట్ మీద వేగం 3200 అని ఉంది, టాస్క్ మేనేజర్‌లో 2133 చూపిస్తోంది.

జవాబు 1: అయితే ప్రాసెసర్‌ని తిట్టే ముందు ర్యామ్ సంగతి చూద్దాం. బయోస్‌లో ఎక్స్ఎంపీ (ర్యామ్‌ని దాని మీద రాసిన వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్ చేసి, అదే వీధిలో మళ్లీ కొలవండి. తర్వాత అలాంటిదే రెండో స్టిక్ దొరికితే డ్యూయల్ ఛానెల్ అవుతుంది, అంటే రెండు స్టిక్‌లూ ఒకేసారి డేటా అందిస్తాయి. ఏ స్లాట్‌లో పెట్టాలో మదర్‌బోర్డు మాన్యువల్‌లో ఉంటుంది. రెండూ ఒకేసారి మార్చకండి, దేనివల్ల లాభమొచ్చిందో తెలియదు.

ప్రశ్న అడిగినవారు: ఎక్స్ఎంపీతో ‘1% low’ 41 నుంచి 50కి వచ్చింది! కుదుపులు తగ్గాయి, పూర్తిగా పోలేదు.

జవాబు 2: రెండో స్టిక్ వచ్చేదాకా గేమ్ సెట్టింగుల్లో క్రౌడ్ డెన్సిటీ (వీధిలో జనం సంఖ్య) తగ్గించండి. రే ట్రేసింగ్ (వెలుగునీడల్ని నిజంలా లెక్కగట్టే సెట్టింగ్) ఉంటే తీసేయండి, అది సీపీయూని కూడా నలిపేస్తుంది. అప్పటికీ చాలకపోతే ఐ5-12400ఎఫ్ చూడండి. 6 కోర్లు, 12 థ్రెడ్లు, ప్రాసెసర్ కూర్చునే సాకెట్ అదే ఎల్‌జీఏ 1700. మదర్‌బోర్డు మార్చే పని లేదు.